కొడుకులాంటి కూతురు

"మా అమ్మాయిని కొడుకులా పెంచాం." మా వైపు పెళ్లిచూపుల్లో తరచూ వినబడే మాట ఇది. అనేవాళ్లు ప్రేమతోనే అంటారు. కానీ ఆ పోలికతో ఎవరి విలువ పెరుగుతోంది? కూతురిదా, కొడుకు అనే స్థానానిదా?

ఈ ప్రశ్నకి మా కొవ్వూరు పక్కనే ఓ పాత ఉదాహరణ ఉంది. ఇక్కడ రైలెక్కితే పశివేదల, చాగల్లు దాటాక నిడదవోలు. అక్కడి చాళుక్య వీరభద్రుడే కాకతి రుద్రమదేవి భర్త. ఆమె తండ్రి గణపతిదేవుడికి కొడుకుల్లేరు. కూతురికి రుద్రుడనే మగపేరు పెట్టుకున్నాడని విద్యానాథుడి ప్రతాపరుద్రీయం చెప్తుంది. శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు. 2015లో వచ్చిన సినిమా దీన్ని మారువేషం కథ చేసింది. అయితే పెళ్లాడి, కూతుళ్లని కన్న మనిషి ఆడమనిషన్న సంగతి ఎవరి దగ్గర దాస్తారు? మరి రాజు అనే పేరెందుకు?

దీనికి జవాబు నాకు జార్జియాలో దొరికింది. రుద్రమ కంటే సుమారు ఎనభై ఏళ్ల ముందు, బగ్రాటియోని వంశంలో మూడవ గియోర్గి 1178లో కూతురు తామార్‌ని తనతోపాటు సింహాసనం మీద కూర్చోబెట్టాడు. 1184 నుంచి 1213 దాకా ఆమే ఏలింది. జార్జియన్ భాషలో రాజు భార్యని దెదొపాలి అంటారు. తామార్‌ని మాత్రం మెపె, అంటే రాజు అన్నారు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే యూజర్ వేరు, రోల్ వేరు. మెపె అనేది రోల్.

తెలుగులో రాణి అంటే ఏలే మనిషీ కావచ్చు, రాజు పెళ్లామూ కావచ్చు. మోటుపల్లి రాజ్యం గురించి రాసిన మార్కోపోలో అక్కడి పాలకురాలిని తెగ మెచ్చుకున్నాడు గానీ, చనిపోయిన రాజుగారి భార్య అనుకున్నాడు. ఆడది ఏలుతోందంటే మొగుడి వల్లే అయ్యుంటుందన్న ఊహ అది. రుద్రమ చెల్లెలు గణపాంబ నిజంగా అలాగే ఏలింది, భర్త కోట బేతరాజు పోయాక. అక్కకి అధికారం తండ్రి నుంచి వచ్చింది. ఆ సంగతి చెప్పాలంటే మహారాజు తప్ప సరైన మాట లేదు.

ఇంతవరకూ రుద్రమ పక్షాన వాదించొచ్చు. చిక్కు తర్వాత వస్తుంది. రోల్ ఆడామగా కానిదైతే తర్వాతి కూతురికి కూడా అందాలి కదా. తామార్ కొడుకు తర్వాత ఆమె కూతురు రుసుదాన్ 1223లో మెపె అయింది. రుద్రమకీ కొడుకుల్లేరు. కూతురు ముమ్మడమ్మ ఉండగా, ఆ ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి వారసుణ్ణి చేసుకుంది. సామంతుల తిరుగుబాట్ల మధ్య ఆమెకి వేరే దారి లేకపోయి ఉండొచ్చు. ఆమెని నిందించడం నా ఉద్దేశం కాదు. కానీ ఒక కూతురిని కొడుకు చేసినంత మాత్రాన కూతుళ్ల స్థితి మారలేదు. మినహాయింపు ఇచ్చి నియమాన్ని కాపాడుకున్నారు.

ఇప్పుడు మన సంగతి. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతోనే హక్కుందని మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి చట్టం ఉంది. దేశమంతటికీ 2005లో వచ్చింది. అయినా పొలం పంపకాల దగ్గర "నీకు పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం కదమ్మా" అంటారు. అమ్మాయి హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టేస్తుంది. పెట్టకపోతే పుట్టింటి గుమ్మం దూరమవుతుందని భయం. చదువు, ఉద్యోగం, తల్లిదండ్రుల ఆసుపత్రి ఖర్చులు, వీటన్నిటికీ కొడుకులాంటిదైన అమ్మాయి, ఎకరాల దగ్గరకొచ్చేసరికి మళ్లీ కూతురైపోతుంది.

అందుకే ఈసారి ఎవరైనా కొడుకులా పెంచామంటే నాకు ఒకటే అడగాలనిపిస్తుంది: కూతురిలాగే ఉంచి, వాటా ఇవ్వడానికి ఏం అడ్డొచ్చిందండీ?