పడనిది పెట్టడం ప్రేమేనా?

మన ఇళ్లలో "పడదు" అనే మాట తరచుగా వింటాం. ఒకరికి వంకాయ పడదు, ఒకరికి రొయ్య పడదు. ఈ మాట తిండిని తప్పుపట్టదు, తినేవాడినీ తప్పుపట్టదు. రెంటికీ పొసగలేదని మాత్రమే చెబుతుంది. అయినా పెట్టే చేతికీ, వద్దనే నోటికీ మధ్య ఒక చిక్కు ప్రశ్న మిగులుతుంది. పంచుకు తినడమే ధర్మమని నమ్మే మన ఆదివాసీ సమాజంలో, అందరూ తినేదాన్ని ఒకరు వద్దంటే ఆ పంపకాన్నే కాదన్నట్టా?

మాది సీతంపేట కొండల ప్రాంతం. మా పెరట్లో పనస, నాటు మామిడి, సీతాఫలం, జామ ఉండేవి. కొండవాలులో జీడిమామిడి తోట ఉండేది. మామిడి కొత్తలు చేయకుండా ఒక్క కాయ కూడా నోట పెట్టేవాళ్లం కాదు. మొదట దేవతకు, తర్వాత పెద్దలకు, ఆ తర్వాతే పిల్లలకు. పనసపండు కోస్తే నాయనమ్మ కత్తికి, చేతులకు నూనె రాసుకుని తొనలు తీసేది. నాలుగిళ్లకు పంపాకే మా వాటా మాకు దక్కేది. ఆ పండ్ల తీపిలో సగం ఆ పంపకానిదే అనిపిస్తుంది.

మా తమ్ముడికి ఆరేళ్లప్పుడు కాల్చిన జీడిపప్పు తిన్న కాసేపటికే పెదాలు వాచాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. గాలి సోకిందన్నారు, దిష్టి తీశారు. మరుసటి ఏడాది జీడి కాలంలో మళ్లీ అదే జరిగింది. చుట్టాలు మాత్రం "ఒక్క పలుకు తింటే ఏమవుతుంది, అలవాటు పడతాడు" అని బలవంతం చేసేవారు. వాడు తినకపోతే చిన్నబుచ్చుకునేవారు. అప్పుడు నాయనమ్మ అంది: "ఆడికి జీడి పడదర్రా. పడంది పెట్టీసి పేమ అంటారేటి?" ఆ తర్వాత జీడి ముట్టిన చేతులతో వాడి వాటా తీసేది కాదు. ముందే పనస తొనలు వేరే ఆకులో తీసి ఉంచేది. వాడిని మాత్రం అందరితోపాటు అదే వరుసలో కూర్చోబెట్టేది.

వైద్యశాస్త్రం దీన్ని అలర్జీ అంటుంది. రోగాలతో పోరాడవలసిన మన ఒంటి రక్షణ వ్యవస్థ, తిండిలోని మాంసకృత్తును శత్రువుగా పొరబడి దాని మీద విరుచుకుపడుతుంది. వేరుశనగ, జీడిపప్పు, గుడ్డు, పాలు, చేప, రొయ్య, గోధుమ వంటివి కొందరికి ఇలా పడవు. జీడిపప్పును వేయించినా ఈ గుణం పోదు. జీడిగింజ తొక్కలోని నూనె చర్మాన్ని కాల్చడం వేరు, పప్పు తింటే వచ్చే ఈ వాపు వేరు. ఈసారి కొద్దిగా వచ్చిందని వచ్చేసారీ కొద్దిగానే వస్తుందన్న భరోసా లేదు. గొంతు వాచి ఊపిరి ఆడకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు వెంటనే అడ్రినలిన్ సూది పడాలి. డోలీ మీద మోసుకెళ్లవలసిన ఊళ్లలో ఆ నిమిషాలు ఎక్కడి నుంచి తెస్తాం? అందుకే జాగ్రత్తపడటం మనకు మరింత పెద్ద బాధ్యత.

ఇక పంపకం మాటకొద్దాం. కొత్తల ఆచారంలోనే దీనికి జవాబుంది. చెట్టు నిండా కాయలున్నా సమయం వచ్చేదాకా మనం ముట్టం. దాన్ని ఎవరూ చెట్టుకు అవమానం అనుకోరు. బాలింతకు, నాటుమందు తినేవారికి పథ్యం పెడతాం. వారు కూర వద్దంటే ఎవరూ నొచ్చుకోరు. అంటే తినకుండా ఉండటం కూడా మన తిండి నీతిలో భాగమే. పంపకం అంటే అందరి ఆకులో ఒకే వస్తువు వేయడం కాదు, ఏ ఆకూ ఖాళీగా మిగలకుండా చూడటం.

"ఆకలి తెలిసినవాళ్లకు ఇలాంటి పట్టింపులెందుకు, ఇవన్నీ డబ్బున్నవాళ్ల జబ్బులు" అనేవారున్నారు. ఉన్నవాడికి ఒకటి పడకపోతే పది వేరేవి దొరుకుతాయి. హాస్టల్ పిల్లవాడికి ఉన్నది ఒక్క కంచమే. అందులోది పడకపోతే వాడు ఆకలితో ఉండాలి, లేదా ప్రమాదాన్ని తినాలి. కాబట్టి ఈ ప్రశ్న పేదవాడికే ఎక్కువ బరువు. అలాగని ప్రతి కడుపునొప్పికీ అలర్జీ అని పేరు పెట్టి పిల్లలకు గుడ్డు, పాలు మాన్పించడం కూడా అన్యాయమే. డాక్టరుకు చూపించి తేల్చుకోవాలి.

మధ్యాహ్న భోజనంలో గుడ్డు, వేరుశనగ చిక్కీ ఇస్తున్నారు. మంచిదే. కానీ ఒక పిల్ల చిక్కీ వద్దంటే "పొగరు" అనకండి. ఎందుకు వద్దంటోందో అడగండి. తోటి పిల్లలు ఆటకైనా ఆ ముక్క ఆమె నోట్లో పెట్టకుండా చెప్పండి. యువతీయువకులారా, పెళ్లి పందిట్లో వడ్డించేటప్పుడు పాయసంలో ఏమేం వేశారో అడిగినవారికి విసుక్కోకుండా చెప్పండి. ఉపాధ్యాయ మిత్రులారా, బడిలో చేర్చుకునే రోజున పేరు, పుట్టిన తేదీతో పాటు ఆ తల్లిని ఇంకొక్క మాట అడగండి: "అమ్మా, మీ బిడ్డకు ఏం పడదు?" ఆ జవాబు వంటగది గోడ మీద రాయండి. ఆ బిడ్డకు అరటిపండో, మరొకటో వేసి, అందరితోపాటు అదే వరుసలో కూర్చోబెట్టండి.