సర్దుబాటు ఎవరి వంతు?

“కాస్త సర్దుకుపోవాలమ్మా” అన్న మాట వినపడని ఇల్లు మన వైపు ఉంటుందా? సర్దుకుపోవడం మంచిదే, కాదనను. కాని ఆ సర్దే పని ఎవరు చేస్తున్నారన్నది ఎవరూ అడగరు. పాత రేసు సైకిళ్ళ గేర్లను చూస్తే ఈ సంగతి బాగా బోధపడుతుంది.

1984కు ముందు అలాంటి సైకిళ్ళలో చాలావాటికి గేరు మార్చే లీవరు ఉత్త రాపిడి మీదనే నిలిచేది. దానికి మెట్లంటూ లేవు. ఇటలీ లీవరుకు జపాను డిరైలరు తగిలించినా, పళ్ళచక్రాలు ఇంకెవరివైనా బండి నడిచేది. ఎంత ఉదారమో అనిపిస్తుంది! అయితే గేరు మార్చాక చైను గరగరమంటే, చెవి ఒగ్గి విని, లీవరును పిసరంత అటో ఇటో జరిపేవాడు తొక్కేవాడే. పేరు లీవరుది, ఓపిక చేతిది.

1984లో షిమానో కంపెనీ తన డ్యూరా ఏస్ గేర్లకు టక్కుమని ఆగే మెట్లు పెట్టింది. ఒక్క టక్కుకు ఒక్క గేరు. చేతికి హాయి. కాని బయటివాళ్ళతో పొత్తు కష్టమైంది. షిమానో వారి ఎనిమిది గేర్ల అమరికలో చక్రానికీ చక్రానికీ ఎడం 4.8 మిల్లీమీటర్లు. కంపాన్యోలో వారి ఎనిమిదింటిలో 5. తేడా 0.2 మిల్లీమీటర్లే కదా అంటారా? ఒక చివర సరిచేసి బయలుదేరితే ఏడు టక్కులకు 1.4 అవుతుంది. చైను గోల పెడుతుంది.

ఇక్కడ తొందరపడకూడదు. పాత లీవరు పట్టు తప్పితే “ఇది దీనితో కలవదు” అని తీర్పు చెప్పేస్తారు. చాలాసార్లు లోపలి గ్రీజు ఏళ్ళ తరబడి గట్టిపడి, చిన్న కొక్కెం పళ్ళలో పడక మొరాయిస్తూ ఉంటుంది. కడిగి పలచని నూనె వేస్తే మళ్ళీ టక్కుమంటుంది. మనుషుల మధ్య కూడా సగం పేచీలు పాత జిడ్డువే. ముందు కడిగి చూడాలి.

కడిగాక కూడా కలవకపోతే? ఆ డ్యూరా ఏస్ లీవరుకే ఒక ఏర్పాటుంది: తిప్పితే మెట్లు పోయి మళ్ళీ పాత రాపిడి పద్ధతి వస్తుంది. అప్పుడు పరాయి భాగమూ పనిచేస్తుంది, చెయ్యి మాత్రం కష్టపడాలి. అంటే తేడా ఎక్కడికీ పోదు. ఎవరో ఒకరు మోస్తారు.

సైకిలు మీద కూర్చునేది ఒక్కడే కాబట్టి ఆ కష్టం వాడిదే. ఇంట్లో అలా కాదు, చేతులు నాలుగైదు ఉంటాయి. ఈసారి “సర్దుకుపో” అనబోయే ముందు, పోయినసారి సర్దిందెవరో ఒక్క క్షణం గుర్తు చేసుకుంటే చాలు.