మిగిలిందని ఎవరనాలి?

మొన్న ఆదివారం చాటలో బియ్యం చెరుగుతుంటే నాలుగు గింజలు నేలమీద పడ్డాయి. "ఏరమ్మా, కాళ్ళకింద పడతాయి" అన్నారు అత్తగారు. పేపరు చదువుతున్న మావారు తలెత్తి, "నాలుగు గింజలకేనా? మన స్కూటరు కూడా బియ్యం తింటోందమ్మా!" అన్నారు.

హాస్యం కాదు. మనం పోయించుకునే పెట్రోల్లో 2025 నాటికి నూటికి 20 పాళ్ళు ఇథనాల్ కలిసింది. చెరుకు మడ్డి, మొక్కజొన్న, నూకలు, గోదాముల్లోని బియ్యం, వీటిని పులియబెట్టి కాచి తీసే స్పిరిటది. కిలో బియ్యానికి అర లీటరు కూడా రాదు.

అత్తగారు చెంపలేసుకున్నారు. "అన్నాన్ని తగలెడతారట్రా?"

మావారి వాదన తీసిపారేసేదేం కాదు. ముడిచమురు నూటికి 85 పాళ్ళకు పైగా పైదేశాల నుంచే తెచ్చుకుంటున్నాం. ఆ డబ్బులో కొంత మన రైతుకి పోతే తప్పా? గోదాములో ముక్కిపోయేకంటే బండిలో కాలడం నయం కాదా? మొక్కజొన్నకి గిరాకీ వచ్చిందని మా తమ్ముడూ సంబరపడ్డాడు. (ఒకప్పుడు ఎగుమతి చేసిన ఆ మొక్కజొన్నే 2024లో దిగుమతి చేసుకున్నాం. కోళ్ళఫారాల వాళ్ళనడగండి, ఆ కథ చెబుతారు.)

నేను మాత్రం "మిగులు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ప్రభుత్వ గోదాముల్లో మిగులు బియ్యం ఇథనాల్‌కి ఇవ్వచ్చని 2020లో అన్నారు. ధరలు పెరుగుతున్నాయని 2023 జూలైలో ఆపేశారు. 2024లో మళ్ళీ ఇమ్మన్నారు. అంటే ఒక ఏడు మిగిలిన బియ్యం మరో ఏడు మిగల్లేదన్నమాట! అంతకుముందు 2009 నాటి విధానంలో, తిండిగింజల జోలికే పోవద్దు, బీడు భూముల్లో అడవి ఆముదం లాంటివి వేద్దామన్నారు. నీళ్ళు లేనిచోట ఆ చెట్టు అనుకున్నంత కాయలేదు. అయినా బీడు అనేదీ మిగులు లాంటి మాటేనండీ. అందులో మేకలు మేపుకునే మనిషినడిగితే అది బీడని ఒప్పుకోదు.

మా చిన్నప్పుడు అమ్మ అందరి తర్వాత తినేది. నాన్న "ఇంకా ఉందా?" అంటే, "బోలెడు మిగిలింది" అని గరిటెతో వడ్డించేసేది. ఓ రాత్రి మంచినీళ్ళకి లేచిన నేను, వంటింట్లో అమ్మ మజ్జిగలో ఉప్పేసుకుని తాగి పడుకోబోవడం చూశాను. గిన్నె కడిగి బోర్లించి ఉంది. ఆమె తినలేదు గనకే అన్నం మిగిలింది! ఈ దేశంలో బియ్యం మిగలడం వెనక కొనుక్కోలేని వాళ్ళెందరున్నారో? వాళ్ళనెవరైనా అడిగారా? నా స్కూటరు మాత్రం అడిగిందా?

ఇదంతా మావారితో అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. పప్పన్నం కలుపుకుంటూ, "నువ్వన్నదీ నిజమేలే" అన్నారు. తర్వాత కంచం కాస్త జరిపి, "ఇంకా ఉందా?" అన్నారు.

"ఉందండీ, వేసుకోండి" అన్నాను. నేనింకా కంచం పెట్టుకోలేదు.