దివి, దొంగ దివి

విజయవాడ దాటిన కృష్ణ పులిగడ్డ దగ్గర చీలి, దివిసీమను నడుమ నుంచుకొని సముద్రములో కలియుచున్నది. ఆ తీరమున కొండ లేదు, గుట్ట లేదు. మడ అడవియు ఇసుకయు తప్ప ఓడవారికి గురుతు లేదు. వారి పటములలో ఇక్కడ రెండు మొనలున్నవి. తూర్పున దివి మొన. నైరుతిగా మరియొకటి, ఇంగ్లీషువారు దానికి ‘ఫాల్స్ దివి పాయింట్’ అని పేరు పెట్టిరి. మన మాటలో దొంగ దివి. పాపము, ఆ నేల ఎవరిని మోసగించినది? చూచువారికి అట్లు కనబడినది, అంతే.

అట్టి పల్లపు తీరమున త్రోవ తప్పుట చిన్న సంగతి కాదు. మనకు ఉత్తరముగా గోదావరి ముఖద్వారమున 1867 జూన్ 19న శాక్రమెంటో అను అమెరికా యుద్ధనౌక మెరకనెక్కి నాశనమాయెను. మనుష్యులు బ్రదికిరి. ఓడ పేరు అచ్చటి మెరకకును దీపస్తంభమునకును మిగిలినది.

ప్రియులారా, మత్తయి సువార్త 5వ అధ్యాయమును చదువునప్పుడు మనము వెలుగు ఎంత గొప్పదని తలంతుము. ఓడవానికి అది చాలదు. ఇది ఏ దీపమో తెలియవలెను. అందుకే ఒక దీపము ఇన్ని సెకనుల కొకసారి మెరయును, వేరొకటి వెంటవెంట రెండుసార్లు మెరసి ఆగును. ఆ లెక్క అచ్చుపుస్తకములో అతని చేత నుండును. లెక్క తప్పిన దీపముకంటె చీకటియే మేలు. చీకటిలో నతడు లంగరు వేసి తెల్లవారువరకు ఆగును గదా!

మన గ్రామములలో కూలివాడు సంఘపెద్ద మాట నమ్మి అరయెకరము తాకట్టు పెట్టును, పిల్లనిచ్చును. ఆ పెద్ద గుడిలో ఒక తీరున, ధాన్యపు కాటాయొద్ద వేరొక తీరున నుండినయెడల తప్పెవరిది? నమ్మినవానిదియు సగమని కొందరందురు. మేమట్లు తలంచము. వాడు మెలకువతోనే చుక్కాని పట్టెను.

అయితే నిన్న పొరబడినవాడు నేడు మారకూడదా? మారవలెను. దీపపు లెక్క మార్చునప్పుడు అధికారులు నావికులకు ప్రకటన పంపుదురు. కట్నము తప్పుకాదని పదేండ్లక్రిందట చెప్పిన పెద్ద, నేడది తప్పని గ్రహించి, తన మనస్సులో మారి ఊరకుండిన చాలునా? ఆనాడు తన మాట విని అప్పుచేసినవారి గడపలు ఎక్కవలెను. వారిలో కొందరు ఇప్పటికే ఊరు విడిచిపోయి యుందురు.