అనుమతి ఎవరిచ్చినట్టు?

బి.ఎడ్. కాలేజీలో సైకాలజీ చెప్పినన్నాళ్లూ ఎరిక్ ఎరిక్‌సన్ అంటే నాకు మనిషి జీవితదశల ఎనిమిది గళ్ల పట్టిక. డీఎస్సీకి చదివే పిల్లలు దాన్ని ఎక్కాల్లా అప్పజెప్పేవారు. ఏడిస్తే ఎవరో ఒకరు వస్తారన్న పసిబిడ్డ నమ్మకం మొదటి గడి. నడివయసులో తర్వాతి తరాన్ని సాకడం ఏడోది. బతికిన బతుకును, లోటుపాట్లతో సహా, ఇది నాదేనని ఒప్పుకోగలగడం ఆఖరిది. దానికి సమగ్రత అని పేరు. ఒప్పుకోలేకపోతే మిగిలేది నిరాశ.

రిటైరయ్యాక తీరిగ్గా ఆయన 'గాంధీస్ ట్రూత్' చదివాను. 1969లో వచ్చిన పుస్తకం. 1918లో అహ్మదాబాద్ మిల్లు కార్మికులు చేసిన సమ్మె చుట్టూ నడుస్తుంది. మధ్యలో ఎరిక్‌సన్ ఉన్నట్టుండి కథ ఆపేసి, ఎప్పుడో కన్నుమూసిన గాంధీకి నేరుగా ఉత్తరం రాస్తాడు. లోకానికి అహింస నేర్పిన మీరు ఇంట్లోవాళ్ల మీద చేసింది ఏమిటి అన్నది అందులోని నిలదీత. డర్బన్‌లో మలపాత్ర శుభ్రం చేయడానికి కన్నీళ్లు పెట్టుకున్న కస్తూర్బాను గేటు దాకా ఈడ్చుకెళ్లిన సంగతి గాంధీ తన ఆత్మకథలోనే రాసుకున్నాడు. పెద్దకొడుకు హరిలాల్ తండ్రికి దూరమై ఎలా చితికిపోయాడో అందరికీ తెలుసు. దేశానికంతటికీ బాపు అయిన మనిషికి ఏడో గడిలో ఎన్ని మార్కులు వేయాలి?

ఇదే ప్రశ్న ఎరిక్‌సన్‌కూ తగులుతుంది. 1944లో ఆయనకు నీల్ అనే కొడుకు డౌన్ సిండ్రోమ్‌తో పుట్టాడు. బిడ్డను సంస్థలో చేర్చారు. ఇంట్లో పిల్లలకు మాత్రం పుట్టగానే చనిపోయాడని చెప్పారు. ఈ సంగతి లారెన్స్ ఫ్రీడ్‌మన్ రాసిన జీవితచరిత్రలో ఉంది. ఆ కాలంలో డాక్టర్లు చెప్పే సలహా కూడా అదే కాబట్టి ఆయన్ని దోషిగా నిలబెట్టను. కానీ ఏడిస్తే ఎవరో వస్తారన్న మొదటి గడి నీల్‌కు ఎవరు నింపారన్నది నన్ను వదలదు.

మన ఆశ్రమధర్మాలకూ తన దశలకూ పోలిక ఉందని ఎరిక్‌సన్ గమనించాడు. నాకు పోలిక కంటే రెండూ వదిలేసిన చోటే ఎక్కువ కనిపిస్తుంది. ఒళ్లు ముడతలు పడి, జుట్టు నెరిసి, మనవణ్ణి చూశాక అడవికి వెళ్లమంటాడు మనువు. భార్యను కొడుకులకు అప్పగించు, లేదా వెంట తీసుకెళ్లు అంటాడు. ఆవిడను అడగమని మాత్రం అనడు. ఎరిక్‌సన్ లెక్కలోనూ సమగ్రత తేలేది ఆ మనిషి మనసులోనే. వెనక ఉండిపోయినవాళ్ల సంతకం ఎక్కడా అక్కర్లేదు. (ఈ విషయంలో మనవాళ్లు శాస్త్రం కంటే తెలివైనవాళ్లు. అడవికి పోవాల్సిన వయసులో, అరవై నిండగానే, షష్టిపూర్తి పేరుతో మళ్లీ మంగళసూత్రం కట్టిస్తారు.)

తన బతుకు నిండిందని ఎవరైనా చెప్పుకోవచ్చు గానీ, తేల్చే అధికారం తనొక్కడిదే కాదని నా నమ్మకం. సన్యాసానికి తల్లి అనుమతి అడిగిన శంకరాచార్యుడి కథ నాకు అందుకే ఇష్టం. కర్మకాండ సన్యాసికి కూడదని తెలిసీ, ఇచ్చిన మాట కోసం తల్లి చివరి ఘడియల్లో కాలడికి తిరిగొచ్చి, బంధువులు కాదన్నా తానే దహనం చేశాడంటారు. ఓ మధ్యాహ్నం మా అత్తగారికి అన్నం కలిపి పెడుతూ ఇదంతా చెప్పాను. ఆవిడకు తొంభై దగ్గరపడుతోంది. శ్రద్ధగా విని అడిగారు:

"ఆవిడ సరే అన్నది ఎప్పుడే అమ్మాయ్?"

"ఏట్లో మొసలి కాలు పట్టుకున్నప్పుడు అత్తయ్యా. సన్యాసానికి ఒప్పుకుంటే వదులుతుందన్నాడట."

"పిల్లాడి కాలు మొసలి నోట్లో ఉంటే ఏ తల్లి కాదంటుందీ? దాన్ని అడగడం అంటారుటే? చివరికి తిరిగొచ్చాడంటే, ఆ అనుమతి చెల్లదని ఆయనకీ తెలిసే ఉంటుంది. ఇంకాస్త పెరుగు వెయ్యి."