దేవుడి పేరు లేని జపం

మృదంగంతో మొదలుపెట్టి డ్రమ్స్‌కి వచ్చినవాణ్ణి. తాళవాద్యాలు మాత్రమే మోగే తని ఆవర్తనంలో మా గొప్పంతా మార్పుల్లోనే: వేసిన నడకే మళ్లీ వేస్తే సరుకు అయిపోయిందంటారు. అలాంటి చెవులతో కాన్ బృందాన్ని విన్నాను. జర్మనీలోని కొలోన్ వాళ్లు, రాక్ బృందం. 1971లో వచ్చిన వాళ్ల 'టాగో మాగో' ఆల్బమ్‌లో 'హల్లెలువా' అని పద్దెనిమిది నిమిషాలు దాటిన పాట ఉంది. పేరులో హల్లెలూయా వినిపించినా అది భక్తిగీతం కాదు. అంతసేపూ డ్రమ్మర్ జాకీ లీబెట్‌సైట్ దాదాపు ఒక్క నడకనే పట్టుకుని ఉంటాడు. చేతకాక కాదు, అంతకుముందు ఫ్రీ జాజ్‌లో తాళాన్నే చిందరవందర చేసినవాడు. అన్నీ వచ్చి, వదిలేశాడు.

అది జపమే అంటాను. మా కీబోర్డు మిత్రుడు ఒప్పుకోడు. పేరు లేకుండా జపమేమిట్రా అంటాడు. అతని ఓటు పోపోల్ వూ బృందానికి. మ్యూనిక్‌లో ఫ్లోరియన్ ఫ్రికే దగ్గర మూగ్ సింథసైజర్ ఉండేది, అప్పటి జర్మనీలో బహు అరుదైన వస్తువు. 1970లో తొలి ఆల్బమ్‌ని దానిమీదే కట్టాడు. 1972లో 'హోసియానా మంత్ర' ఆల్బమ్ నాటికి దాన్ని పక్కనపెట్టి పియానో ముందు కూర్చున్నాడు, తర్వాత మరో సంగీతకారుడు క్లాస్ షుల్జ్‌కి అమ్మేశాడు కూడా. ఆ ఆల్బమ్‌లో కొరియా గాయని జొంగ్ యున్ గొంతు, ఓబో, వాటి కింద మన తంబురా. క్రైస్తవ ప్రార్థన, మంత్రం ఒకే శీర్షికలో. మావాడికి అందులో దేవుడు వినిపిస్తాడు. నాకు మాత్రం ముందుగా వినిపించేది అక్కడ లేని మూగ్! చేతిలో ఉన్న అపురూపమైన దాన్ని కావాలనే పక్కనపెట్టడం, లీబెట్‌సైట్ చేసింది కూడా అదే కదా? భక్తి ఆ విడిచిపెట్టడంలో ఉంది, పేరు ఆ తర్వాతి మాట.

చిక్కొకటుంది. కాన్ వాళ్లు గంటల తరబడి వాయించేవారు, బేస్ వాయించే హోల్గర్ చుకాయ్ ఆ టేపుల్ని కోసి అతికించేవాడు. కోసి అతికించిన జపం జపమేనా అని మావాడి ఎత్తిపొడుపు. జపమాల దారం తెగితే ముడేసి మళ్లీ తిప్పుకోమూ?

డ్రమ్ మెషీన్‌కి మాత్రం జపమన్న గౌరవం ఇవ్వను. అది ఎంతసేపైనా అదే కొడుతుంది, కానీ వదులుకున్నది ఏమీ లేదు.

రెండూ వినండి, 'హోసియానా మంత్ర' ముందు. ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు, చుకాయ్ బేస్ వినపడకపోతే 'హల్లెలువా' సగం పోయినట్టే.