ముందుగా ఎవరి వాటా?



అన్నదమ్ములు ఆస్తి పంచుకొనే వేళ ఎవరికెంత అన్న ప్రశ్న తప్పక వస్తుంది. ఇంకా పుట్టని మనుమలకు ఎంత అని అడిగేవారు మాత్రం అరుదు. ఆ ప్రశ్నను ముందుగా అడిగే ఒక పంపకం గురించి ఈ వారం ఆలోచిద్దాం. అది చేపల పంపకం. జరిగేది అమెరికాకు వాయవ్య మూలన ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో.

ఆ రాష్ట్రంలోని సియాటిల్ నగరం పేరు మనకు కొత్త కాదు. మన తెలుగు బిడ్డలు ఎందరో ఉద్యోగాల నిమిత్తం అక్కడ స్థిరపడ్డారు. ఆ నగరం చుట్టూ ఉన్న నదులు, సముద్రపు పాయలు వేల ఏళ్ళుగా అక్కడి ఆదిమ తెగలకు జీవనాధారం. వారికి సాల్మన్ చేపే అన్నం. మన గోదావరి పులస వలెనే సాల్మన్ కూడా సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతూ వస్తుంది. తాను పుట్టిన ఏటికే తిరిగివచ్చి, గుడ్లు పెట్టి, అక్కడే ప్రాణం విడుస్తుంది. ఏడాదిలో తొలిసారి దొరికిన చేపను అందరూ కలిసి పంచుకు తిని, దాని ఎముకలను భక్తితో తిరిగి నీటిలో విడవడం ఆ తెగల ఆచారం.

1854, 1855 సంవత్సరాల్లో అమెరికా ప్రభుత్వం ఈ తెగలతో ఒడంబడికలు చేసుకొన్నది. తెగలు తమ భూముల్లో అత్యధిక భాగం వదులుకొన్నాయి. కాని తరతరాలుగా తాము చేపలు పట్టే చోట్ల, వలసవచ్చిన వారితోపాటు తామూ పట్టుకొనే హక్కును నిలుపుకొన్నాయి. దీనిని సర్కారు దయతో ఇచ్చిన దానం అనుకోరాదు. తమ సొత్తులో ఆ కొంచెం వారు అమ్ముకోకుండా ఉంచుకొన్నారు, అంతే.

తరువాత నూరేళ్ళకు పైగా ఆ మాట కాగితానికే పరిమితమైంది. నిస్క్వాలీ తెగకు చెందిన బిల్లీ ఫ్రాంక్ అనే బాలుణ్ణి తన నదిలో వల వేసినందుకు 1945లో మొదటిసారి నిర్బంధించారు. అప్పటికి అతనికి 14 ఏళ్ళు. ఆ తరువాత యాభైసార్లకు పైగా అతను అరెస్టయ్యాడు. చివరకు 1974 ఫిబ్రవరి 12న న్యాయమూర్తి జార్జి బోల్ట్ తీర్పు చెప్పాడు. ఒడంబడికలోని మాటకు అర్థం సమానంగా పంచుకోవడమేనన్నాడు. పట్టుకోదగిన చేపల్లో సగం వరకు తెగలకు చెందుతుందన్నాడు. ఇతర జాలరులు మండిపడి ఆయన దిష్టిబొమ్మను తగలబెట్టారు. 1979లో సుప్రీంకోర్టు ఆ తీర్పును ప్రధానాంశాల్లో సమర్థించింది. తెగలు తమ మత్స్య పరిపాలన కోసం ఒక కమిషన్‌ను ఏర్పరచుకొన్నాయి. అరెస్టులు చవిచూసిన బిల్లీ ఫ్రాంక్ దానికి అధ్యక్షుడై, 2014లో మరణించేవరకు చాలా ఏళ్ళు సేవచేశాడు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా గమనించండి. తీర్పు చెప్పింది నదిలోని చేపల్లో సగమని కాదు, “పట్టుకోదగిన” చేపల్లో సగమని. ఏటా తెగల నిపుణులు, రాష్ట్ర అధికారులు కలిసి కూర్చొని, ఈసారి ఎన్ని చేపలు తిరిగిరావచ్చునో అంచనా వేస్తారు. సంతతి నిలవడానికి ఎన్ని ఏటి పైభాగానికి చేరి గుడ్లు పెట్టాలో మొదట లెక్కకడతారు. అవి ఎవరికీ చెందవు. మిగిలినదే ఇరుపక్షాలకూ పంపకం. మిగులు లేకుంటే సగానికి సగం సున్నాయే.

ఇది మనకు తెలియని ధర్మం కాదు. కరవు వచ్చినా రైతు విత్తనపు గింజలను వండుకోడు. పిల్లలు ఆకలితో ఏడుస్తుంటే గాదెలోని ఆ గింజల వైపు చూడకుండా ఉండడం ఎంత కష్టమో మన పెద్దలు ఎరుగుదురు. ఆ తెగల మత్స్యశాఖ నడిపేవారి పని అంతకంటె కష్టం. నూరేళ్ళ పోరాటంతో గెలుచుకొన్న హక్కును పట్టుకొని ఒడ్డున నిలిచిన తన వారితో, “ఈ ఏడు వల వేయవద్దు” అని చెప్పవలసింది వారే.

ఎల్వా నది కథ చూడండి. 1913లో ఒకటి, 1927లో ఒకటి, రెండు ఆనకట్టలు ఆ నదికి అడ్డంగా లేచాయి. చేప పైకి వెళ్ళే దారి మూసుకుపోయింది. 2011 నుండి 2014 వరకు ఆ రెండింటినీ తొలగించారు. నది కోలుకోవాలని 2011లోనే చేపల వేటను నిలిపివేశారు. ఆ నది ఒడ్డునే పుట్టి పెరిగిన క్లాలం తెగవారు, హక్కు చేతిలో ఉండి కూడా, పన్నెండేళ్ళు అక్కడ వల వేయకుండా ఆగారు. 2023లో గాని తమ ఆచారం కోసం, తిండి కోసం పరిమితంగా మళ్ళీ పట్టుకోలేదు.

అయితే ఒక ప్రశ్న మనసును తొలుస్తుంది. నదిని పాడుచేసింది ఆనకట్టలు, అడవుల నరికివేత, పెరిగిన పట్టణాలు. పస్తు ఉండవలసింది మాత్రం ఆ తెగవారా? ఇది న్యాయమా?

ఇక్కడ రెండు విషయాలను వేరుచేసి చూడాలి. రేపటి వారి కోసం తన పళ్ళెంలోది తగ్గించుకోవడం సద్గుణం. దానిని ఎవరికి వారే ఎంచుకోవాలి. ఇతరుల నదిని ఎండగట్టిన వాడు వారికి త్యాగాన్ని బోధించడం మాత్రం మోసం. పాడుచేసినవాడు చేయవలసింది నష్టాన్ని సరిదిద్దడం. అది న్యాయం, దయ కాదు. రోడ్ల కింద రాష్ట్రం కట్టిన తూములు చేపల దారిని అడ్డగిస్తున్నాయని తెగలు 2001లో కోర్టుకెక్కాయి. వాటిని బాగుచేయవలసిందేనన్న ఆదేశం 2018లో సుప్రీంకోర్టులో కూడా నిలిచింది. చేపే రాని నదిలో వల వేసే హక్కు ఎవరికి పనికివస్తుంది?

క్షమాపణకూ ఇదే కొలత. 1987లో ఆ వాయవ్య ప్రాంతపు క్రైస్తవ సంఘాల నాయకులు, వారిలో సియాటిల్ అగ్రపీఠాధిపతులు కూడా, ఆదిమ తెగల ఆధ్యాత్మిక సంప్రదాయాల ధ్వంసంలో తమ సంఘాల పాత్రకు బహిరంగంగా క్షమాపణ కోరారు. అది మంచి పని. కాని క్షమాపణ నోటితో మొదలై చేతలతో పూర్తికావాలి. తూము బాగుపడినప్పుడు, ఆనకట్ట తొలగినప్పుడు ఆ మాటకు బరువు వస్తుంది.

కుటుంబ పెద్దలారా, మన చేతిలోనూ ఇటువంటి పంపకాలు ఉన్నాయి. ఊరి చెరువు, బోరుబావి కింది నీరు, ఇంటి ఆస్తి. వీటిలో మనకెంత అని అడిగే ముందు, ఇంకా పుట్టని వారికి ఎంత విడిచిపెట్టాలో లెక్కకడదాం. ఎవరి వాటానైనా మనం పాడుచేసి ఉంటే, వారికి ఓర్పు బోధించక ముందే దానిని బాగుచేద్దాం. ఆ తరువాతే మిగిలినదానిలో సగం అడగడానికి మనకు నోరుంటుంది.